వికటించిన రహస్య ఆయుధ పరీక్షలు: సినిమా కథల్లో నమ్మదగినది ఎంత

సైన్యం జనానికి చెప్పకుండా ఒక ఆయుధాన్ని పరీక్షిస్తుంది. పరీక్ష చెయ్యి దాటిపోతుంది. దాని ఫలితం ఏ సంబంధమూ లేని ఊరి మీద పడుతుంది. ఆ పైన అధికారులు వచ్చి ఇక్కడేమీ జరగలేదని బుకాయిస్తారు. ఈ కథ 1950ల నుంచి జపాన్, అమెరికా సినిమాల్లో ఒక స్థిరమైన రకంగా నడుస్తోంది. 1954లో వచ్చిన ‘గాడ్జిల్లా’, అదే ఏడాది వచ్చిన రాక్షస చీమల చిత్రం ‘దెమ్!’, 1972 నాటి ‘రేజ్’, 1973లో జార్జ్ రొమేరో తీసిన ‘ది క్రేజీస్’, 1978 నాటి ‘పిరానా’, స్టీఫెన్ కింగ్ నవలిక ఆధారంగా 2007లో వచ్చిన ‘ది మిస్ట్’, మొన్నమొన్నటి ‘స్ట్రేంజర్ థింగ్స్’ ధారావాహిక ఈ కోవలోవే.

ఇవి నమ్మదగిన కథలేనా అంటే ఒక్క మాటలో జవాబు చెప్పలేం. వీటిలో ఆయుధం వేరు, ప్రమాదం వేరు, దాపరికం వేరు. మూడింటినీ విడదీసి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. నిర్మాత కోట్లు పోసి చూపించే రాక్షసి, విషపు పొగ, పిచ్చెత్తిన ఊరు దాదాపుగా అబద్ధాలు. దర్శకుడు రెండు సన్నివేశాల్లో తేల్చేసే పాడైన కవాటం, తప్పిన లెక్క, పత్రికలకు ఇచ్చిన దొంగ ప్రకటన మాత్రం చరిత్రలో అచ్చంగా జరిగినవే.

బికినీ నుంచి గాడ్జిల్లా దాకా

1954 మార్చి 1న మార్షల్ దీవుల్లోని బికినీ పగడపు దిబ్బ మీద అమెరికా ‘కాజిల్ బ్రావో’ పేరుతో ఒక హైడ్రోజన్ బాంబును పేల్చింది. లెక్క ప్రకారం దాని శక్తి 6 మెగాటన్నులు. పేలింది 15 మెగాటన్నులతో. ఇంధనంగా వాడిన లిథియంలో సుమారు 40 శాతం లిథియం-6, మిగతాది లిథియం-7. మొదటిదే పని చేస్తుంది, రెండోది ఊరికే పడి ఉంటుంది అనుకున్నారు శాస్త్రవేత్తలు. పేలుడులో పుట్టే అతివేగపు న్యూట్రాన్లు తగిలితే లిథియం-7 కూడా విడిపోయి ట్రిటియం ఇస్తుందని, అది పేలుడును ఇంకా ఎగదోస్తుందని బాంబు పేలాక గాని తెలియలేదు. సినిమాల్లో ఇలాంటి చోట ఒక పిచ్చి శాస్త్రవేత్త, ఒక మొండి జనరల్ కనిపిస్తారు. ఇక్కడ ఉన్నది పొరపాటున వదిలేసిన ఒక్క అణుచర్య.

పగడపు దిబ్బ పొడి పొడై ఆకాశానికి లేచి, గాలివాటున తూర్పుకు పోయి రాలింది. నిషేధిత ప్రాంతానికి బయట, పేలుడు చోటికి దాదాపు 130 కిలోమీటర్ల దూరంలో, జపాన్ చేపల పడవ ‘దైగో ఫుకుర్యు మారు’ ఉంది. అందులో 23 మంది. పడమట సూర్యుడు పొడిచినంత వెలుగు చూశారు. కాసేపటికి ఆకాశం నుంచి తెల్లటి పొడి రాలడం మొదలైంది. ట్యూనా చేపల కోసం వేసిన గాలాల తాళ్లను గంటల తరబడి పైకి లాగుతూ, ఆ పొడిని జుట్టులోంచి, చొక్కా కాలర్లలోంచి చేత్తో దులుపుకున్నారు. అదేమిటో తెలియక నాలుక మీద వేసుకు చూసినవాడూ ఉన్నాడు. రోంగెలాప్ దీవిలో పిల్లలు ఆ పొడిలో ఆడుకున్నారు. అక్కడివాళ్లను ఓడ ఎక్కించేసరికి రెండు రోజులు దాటింది.

మార్చి 11న అమెరికా అణుశక్తి సంఘం ఒక ప్రకటన ఇచ్చింది. కొందరికి అనుకోకుండా కొంత రేడియోధార్మికత తగిలిందనీ, కాలిన గాయాలేమీ లేవనీ, అందరూ కులాసాగా ఉన్నారనీ దాని సారాంశం. మూడు రోజులకే ఆ పడవ, ఒళ్లు నల్లబడి పుండ్లు పడ్డ మనుషులతో, జపాన్‌లోని యైజు రేవుకు చేరింది. 16న ‘యొమియురి’ పత్రిక కథంతా బయటపెట్టింది. చేపల బజార్లు బెంబేలెత్తాయి. పట్టిన ట్యూనాను గుంటలు తీసి పూడ్చేశారు. పడవలో రేడియో ఆపరేటర్‌గా పనిచేసిన ఐకిచి కుబొయామా సెప్టెంబరు 23న చనిపోయాడు. నవంబరు 3న ‘గాడ్జిల్లా’ విడుదలైంది. ఇషిరో హోండా ఆ చిత్రాన్ని సముద్రంలో ఒక ఓడ మీద కళ్లు చెదిరే వెలుగుతో మొదలుపెడతాడు. అప్పటి ప్రేక్షకుడికి ఎవరూ అర్థం చెప్పక్కర్లేకపోయింది. రాక్షసబల్లి మాట పక్కన పెడితే, ఆ తొలి నిమిషాలు ఎనిమిది నెలల కిందటి వార్తలే.

చీమ ఎందుకు ఏనుగు కాలేదు

అణు పరీక్షల వల్ల జీవులు రాక్షసాకారం దాల్చడం ఈ సినిమాల్లో అన్నిటికంటే ప్రసిద్ధమైన భాగం, అన్నిటికంటే బలహీనమైనది కూడా. రేడియోధార్మికత కణాల్లోని జన్యువులను తెగ్గొడుతుంది. దాని ఫలితం క్యాన్సరు, సంతానలేమి, పుట్టుకతో వచ్చే లోపాలు, మోతాదు ఎక్కువైతే కొద్ది రోజుల్లో చావు. ఎత్తు పెరగడం ఆ జాబితాలో లేదు.

‘దెమ్!’లో న్యూమెక్సికో ఎడారిలో తొలి అణుపరీక్ష ప్రభావంతో చీమలు మనిషిని మించిపోతాయి. ఒక సెంటీమీటరు చీమ 3 మీటర్లు అయిందనుకుందాం. పొడవు 300 రెట్లు పెరిగితే బరువు 300ను మూడుసార్లు హెచ్చించినంత, అంటే 2 కోట్ల 70 లక్షల రెట్లు పెరుగుతుంది. ఆ బరువు మోసే కాళ్ల అడ్డుకోత వైశాల్యం మాత్రం 90 వేల రెట్లే పెరుగుతుంది. అంటే కాలిలో ప్రతి చదరపు అంగుళం మీద భారం 300 రెట్లు. ఆ చీమ ఊరి మీద పడటం మాట దేవుడెరుగు, లేచి నిలబడలేదు. పైగా చీమకు ఊపిరితిత్తులు ఉండవు. ఒంటి పక్కలనున్న సన్నటి గొట్టాల గుండా గాలి లోపలికి పాకాలి. అంత దేహంలో అది పాకి చేరేది కాదు. ఈ లెక్కను జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1926 నాటి ఒక వ్యాసంలోనే పామరులకు అర్థమయ్యేలా వివరించాడు. సినిమావాళ్లకు తెలియక కాదు, ఆ లెక్క పాటిస్తే సినిమా ఉండదు.

స్కల్ వ్యాలీ గొర్రెలు

1968 మార్చి 13న యూటా రాష్ట్రంలోని డగ్‌వే సైనిక పరీక్షా క్షేత్రం మీద ఒక ఫాంటమ్ యుద్ధవిమానం వి.ఎక్స్. అనే నాడీ విషాన్ని పిచికారీ చేసింది. పురుగుమందు కొట్టే విమానం చేసే పనే, కాకపోతే ఒక్క చుక్క చర్మానికి తగిలినా మనిషి బతకడం కష్టం. నిర్ణీత ప్రాంతం దాటాక కూడా ఒక ట్యాంకులోంచి విషం కారుతూనే ఉంది. విమానం అప్పటికే పైకి లేచింది, గాలి మందును మోసుకుపోయింది. ఆ మర్నాటి నుంచి నలభై కిలోమీటర్లకు పైగా అవతల స్కల్ వ్యాలీలో మేస్తున్న గొర్రెలు తడబడుతూ, మెడలు వాల్చి కూలడం మొదలెట్టాయి. వానా మంచూ కలిసి పడ్డ రోజులవి. విషం గడ్డి మీద, మంచు మీద దిగిందని, గొర్రెలు దాన్ని మేశాయని తర్వాత తేల్చారు. సుమారు 6,000 గొర్రెలు చచ్చాయి.

తమకేమీ సంబంధం లేదని సైన్యం మొదట చెప్పింది. యూటా సెనేటర్ ఫ్రాంక్ మాస్ కార్యాలయం ద్వారా ఆ రోజు పరీక్ష జరిగినట్టు చెప్పే పత్రం పత్రికలకు చేరడంతో మాట మార్చక తప్పలేదు. గొర్రెల యజమానికి నష్టపరిహారం ఇచ్చారు గాని తప్పు మాదేనని మాత్రం ఒప్పుకోలేదు. డబ్బిచ్చి, తప్పు ఒప్పుకోకపోవడం ఈ చరిత్రంతటా కనిపించే అలవాటు. జంతువుల నమూనాల్లో వి.ఎక్స్. దొరికిందని చెప్పే 1970 నాటి నివేదిక 1998లో గాని పత్రికల్లోకి రాలేదు.

ఈ ఉదంతం నుంచి పుట్టిందే ‘రేజ్’. జార్జ్ సి. స్కాట్ స్వయంగా దర్శకత్వం వహించి, గొర్రెల కాపరిగా నటించాడు. ఆరుబయట నిద్రపోతున్న తండ్రీకొడుకుల మీద విషం పడుతుంది. ఆసుపత్రిలో సైనిక వైద్యులు ఇద్దరినీ వేరుచేసి, కొడుకు చనిపోయిన సంగతి తండ్రికి దాస్తారు. డగ్‌వే ఘటనలో మనుషులెవరూ చావలేదు గనక కథ అక్కడ కల్పనలోకి దిగినట్టే. కానీ ఆ ఆసుపత్రి సన్నివేశాల్లో అతిశయోక్తి లేదు. ఇంగ్లండులోని పోర్టన్ డౌన్ సైనిక పరిశోధనశాలలో 1953 మేలో రొనాల్డ్ మాడిసన్ అనే 20 ఏళ్ల వైమానికదళ ఉద్యోగి చేతి మీద సారిన్ చుక్కలు వేశారు. అతను గంట తిరక్కుండానే చనిపోయాడు. విచారణ గుట్టుగా జరిపి ప్రమాదమని తేల్చారు. అది చట్టవిరుద్ధంగా జరిగిన హత్య అని 2004లో మళ్లీ జరిగిన విచారణలో జ్యూరీ చెప్పింది. మధ్యలో 51 ఏళ్లు.

‘ది క్రేజీస్’ ఇంతటి నిలకడ చూపలేదు. అందులో ఒక సైనిక విమానం కూలి, జీవాయుధం ఊరి మంచినీళ్లలో కలిసి జనం ఒకరినొకరు చంపుకుంటారు. మతి తప్పించే రసాయనాలను సైన్యాలు వెదికిన మాట నిజం. అమెరికాలోని ఎడ్జ్‌వుడ్ ఆర్సెనల్‌లో 1955 నుంచి 1975 దాకా వేలమంది సైనికుల మీద ఇలాంటివి ప్రయోగించారు. వాటిలో బి.జెడ్. అనేది రోజుల తరబడి మనిషిని మైకంలో, మతిభ్రమలో ఉంచుతుంది. లేనివాళ్లతో మాట్లాడిస్తుంది, దిక్కు తెలియనివ్వదు. కానీ ఒకరి నుంచి ఒకరికి అంటదు, కత్తి పట్టించి పొరుగింటి మీదికి ఉసిగొల్పదు. ఊరంతటినీ ఒకే తీరున హంతకుల్ని చేసే పదార్థం ఏదీ ఏ ప్రయోగశాల నుంచీ రాలేదు.

స్వెర్ద్లోవ్స్క్: సినిమాకు అందని కథ

జీవాయుధ ప్రమాదాల్లో సినిమా కథకు అన్నిటికంటే దగ్గరగా వచ్చింది సోవియట్ నగరం స్వెర్ద్లోవ్స్క్. ఇప్పుడు దాని పేరు యెకతెరిన్‌బర్గ్. 1979 ఏప్రిల్ 2న అక్కడి ‘19వ కాంపౌండ్’ అనే సైనిక కేంద్రం నుంచి ఆంత్రాక్స్ బీజాలు గాల్లోకి పోయాయి. మన పల్లెల్లో పశువులకు దొమ్మరోగం తెచ్చేదీ ఈ బీజమే. పశువుల్ని తాకి వచ్చే రకం చర్మం మీద పుండుగా మొదలై, మందిస్తే నయమవుతుంది. ఊపిరితిత్తుల్లోకి పోయినది మాత్రం వేగంగా చంపుతుంది. కనీసం 66 మంది చనిపోయారు.

ఎలా జరిగిందన్నదానికి ఎక్కువమంది చెప్పుకునే కథనం, తర్వాత అమెరికాకు వలసపోయిన సోవియట్ జీవాయుధ శాస్త్రవేత్త కెన్ అలిబెక్‌ది. బీజాలను ఆరబెట్టే యంత్రానికి ఉన్న వడపోత మూసుకుపోతే ఒక ఉద్యోగి తీశాడు. కొత్తది పెట్టాలని చీటీ రాశాడు గాని, రాయాల్సిన రిజిస్టరులో ఆ సంగతి ఎక్కలేదు. తర్వాతి షిఫ్టువాళ్లు రిజిస్టరు చూశారు, యంత్రం నడిపారు. విదేశీ గూఢచారి లేడు, ఎర్రబటన్ నొక్కిన చెయ్యి లేదు.

కల్తీ మాంసం తిని చచ్చారని సోవియట్ ప్రభుత్వం ప్రపంచానికి చెప్పింది. దొంగచాటుగా మాంసం అమ్ముతున్నారంటూ కొందరిని అరెస్టు కూడా చేసింది. కేజీబీ ఆసుపత్రి రికార్డులు పట్టుకుపోయింది. అయితే శవపరీక్షలు చేసిన ఫైనా అబ్రమోవా, లెవ్ గ్రిన్‌బర్గ్ అవయవాల నమూనాలను దాచి ఉంచారు. 1992లో అధ్యక్షుడు బోరిస్ యెల్త్సిన్ సైన్యమే కారణమని ఒప్పుకున్నాడు. ప్రమాదం జరిగినప్పుడు ఆ ప్రాంతపు పార్టీ కార్యదర్శి ఆయనే. అదే ఏడాది హార్వర్డ్ శాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్ బృందం అక్కడికి వెళ్లింది. బృందంలోని జీన్ గిల్లెమిన్ చనిపోయినవాళ్ల ఇళ్లకు పోయి, ఆ రోజు పగలు ఎవరు ఎక్కడ ఉన్నారో కుటుంబాలను అడిగి రాసుకుంది. ఆ చోట్లను పటం మీద చుక్కలుగా పెడితే, కేంద్రం నుంచి దక్షిణంగా సుమారు 4 కిలోమీటర్ల సన్నటి పట్టీ తేలింది. అదే గీతను పొడిగిస్తే 50 కిలోమీటర్ల దాకా పశువులు చచ్చిన ఊళ్లు వచ్చాయి. ఆ రోజు గాలి వీచిన దిక్కూ సరిగ్గా అదే. కల్తీ మాంసం అలా గీత గీసినట్టు అమ్ముడుపోదు.

ఈ పటం తయారైన తీరు ఏ థ్రిల్లర్‌కైనా చాలిన పతాక సన్నివేశమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. కానీ సినిమాలోనైతే జీవాయుధం వదిలిన పూటకే ఊరంతా కూలిపోవాలి. నిజంలో మొదటి లక్షణం దగ్గు, జ్వరం. బీజం పీల్చిన ఆరు వారాలకు చనిపోయినవాళ్లూ ఉన్నారు.

దాపరికం ఎవరి నుంచి

ఇంతమంది నోరు మూసుకుని ఉంటారా అన్నది ఈ సినిమాలు చూసే మామూలు ప్రేక్షకుడి సందేహం. చరిత్ర ఇచ్చే జవాబు కాస్త అడ్డంగా ఉంటుంది. 1945 జులై 16న న్యూమెక్సికోలో తొలి అణుబాంబు పేలినప్పుడు, ఒక మూలనున్న మందుగుండు గోదాము పేలిందని అలమొగోర్డో వైమానిక స్థావరం ప్రకటించింది. ఆ ప్రకటనకు పలు రూపాలు ముందే రాసి పెట్టుకున్నారు, మనుషులు చస్తే ఇవ్వాల్సినది కూడా అందులో ఉంది. లక్షమందికి పైగా పనిచేసిన ఆ బాంబు తయారీ పథకం గుట్టు అమెరికా జనానికి తెలియలేదు. కానీ క్లాస్ ఫుక్స్ వంటి గూఢచారుల ద్వారా స్టాలిన్‌కు తెలుసు. ఎవరి నుంచి దాచాలో వాళ్లకు తెలిసిపోయింది, పేలుడుకు పక్క లోయలో ఉన్నవాళ్లకు తెలియలేదు.

గుట్టును మొదట పసిగట్టినవాళ్లలో ఫిల్మ్ తయారీదారులుండటం ఒక చమత్కారం. 1945 చివర్లో కోడాక్ కంపెనీ ఎక్స్‌రే ఫిల్ముల మీద వింత మచ్చలు వచ్చాయి. కంపెనీ శాస్త్రవేత్త జూలియన్ వెబ్ ఆరా తీస్తే, తప్పు ఫిల్ముది కాదు, అది పెట్టిన అట్టపెట్టెలది. ఆ అట్ట ఇండియానా రాష్ట్రంలోని విన్సెన్స్ మిల్లులో తయారైంది. న్యూమెక్సికో బాంబు ధూళి 1,500 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, అక్కడి నది నీళ్ల ద్వారా గడ్డి గుజ్జులో చేరింది. నెవాడా పరీక్షలు మొదలయ్యాక కోడాక్ ఫిర్యాదు చేస్తే, ముందస్తు సమాచారం ఇస్తామని అణుశక్తి సంఘం ఒప్పుకుంది. అదే గాలి కింద పాలు తాగుతున్న పిల్లల తల్లులకు అలాంటి సమాచారమేదీ వెళ్లలేదు.

రహస్యం బయటపడేది కూడా సినిమాలో చూపినట్టు ఒక విలేకరి గోడ దూకడం వల్ల కాదు. మత్తుమందులతో మనసును లొంగదీసే సీఐఏ పథకం ‘ఎంకే అల్ట్రా’నే తీసుకుందాం. ‘స్ట్రేంజర్ థింగ్స్’కు మూలాధారాల్లో ఇదొకటి. 1973లో సంస్థ అధిపతి రిచర్డ్ హెల్మ్స్ దాని దస్త్రాలన్నీ నాశనం చేయించాడు. 1977లో దాదాపు 20 వేల పత్రాలు దొరికాయి. జమాఖర్చుల కాగితాలు వేరే చోట భద్రపరచడం వల్ల అవి బతికిపోయాయి. సోవియట్ యూనియన్‌లో 1960 అక్టోబరు 24న బైకనూర్‌లో ఆర్-16 క్షిపణి ప్రయోగవేదిక మీదే పేలి మార్షల్ మిత్రోఫాన్ నెదెలిన్‌తో పాటు డజన్లకొద్దీ మనుషులు కాలిపోతే, మార్షల్ విమాన ప్రమాదంలో పోయాడని ప్రకటించారు. ఆ అబద్ధం 1989 దాకా నిలబడింది.

ఇప్పుడు అంతకాలం నిలవడం కష్టం. 2019 ఆగస్టు 8న రష్యాలోని న్యోనోక్సా వద్ద ఒక పరీక్ష వికటించి రోసాటమ్ సంస్థకు చెందిన ఐదుగురు నిపుణులు చనిపోయినప్పుడు, పక్కనున్న సెవెరోద్విన్‌స్క్‌లో రేడియేషన్ పెరిగిన సంగతి ఆ పూటే కొలతల్లో పడింది. జనం అయోడిన్ కోసం మందుల షాపులకు పరుగెత్తారు. గాయపడ్డవాళ్లకు చికిత్స చేసిన అర్ఖాంగెల్‌స్క్ వైద్యులకు మాత్రం వాళ్ల ఒంటి మీద రేడియోధార్మికత ఉందని ముందుగా చెప్పలేదు. ‘రేజ్’ చూసినవాళ్లకు ఆ ఆసుపత్రి తెలిసినట్టే ఉంటుంది.

క్షిపణుల విషయంలోనైతే పూర్తి గోప్యత దాదాపు అసాధ్యం. విమానాలకు, ఓడలకు ముందే హెచ్చరిక ఇవ్వాలి. బాలిస్టిక్ క్షిపణి పరీక్షల గురించి ముందుగా తెలియజేసుకోవాలని భారత్, పాకిస్తాన్ 2005లో ఒప్పందం చేసుకున్నాయి. 2006 జులైలో అగ్ని-3 తొలి పరీక్ష విఫలమై సముద్రంలో పడితే ఆ వార్త దాచే ప్రయత్నమే జరగలేదు. 2025 ఏప్రిల్‌లో కర్నూలు జిల్లాలోని పరీక్షా క్షేత్రంలో లేజర్ ఆయుధాన్ని ప్రయోగించినప్పుడు డీఆర్‌డీవో తానే వీడియో విడుదల చేసింది. మన ఎడారి గుట్టు నిజంగా దాగింది 1998 పోఖ్రాన్ పరీక్షల ముందు. అక్కడ తప్పించుకోవాల్సింది అమెరికా ఉపగ్రహాల కన్ను. 2018 నాటి హిందీ చిత్రం ‘పరమాణు’ చూపిందీ ఆ దాగుడుమూతలనే.

పుకారు మీద కట్టిన సినిమాలు

1984 నాటి ‘ది ఫిలడెల్ఫియా ఎక్స్‌పెరిమెంట్’కు మూలం 1943లో ఎల్‌డ్రిడ్జ్ అనే యుద్ధనౌకను అదృశ్యం చేయబోతే నావికులు గోడల్లో ఇరుక్కుపోయారన్న కథ. దానికి ఆధారం కార్ల్ అలెన్ అనే వ్యక్తి 1950లలో ఒక రచయితకు రాసిన ఉత్తరాలే. అయస్కాంత మైన్ల కంట పడకుండా నౌకల చుట్టూ విద్యుత్ తీగలు చుట్టే పద్ధతి ఆ రోజుల్లో నిజంగా ఉండేది. కంటికి కనబడకపోవడం అన్నది అక్కడి నుంచి సాగదీసినదే కావచ్చు. గ్రహాంతరవాసుల నౌక కూలిందని చెప్పుకునే రోజ్‌వెల్ సంగతీ అంతే. 1947లో పొలంలో పడ్డ శిథిలాలు సోవియట్ అణుపేలుళ్ల చప్పుడును పై గాలుల్లో వినడానికి వదిలిన ‘మొగల్’ బెలూన్లవని అమెరికా వైమానికదళం 1994లో చెప్పింది. అంటే అక్కడ రహస్య సైనిక పరీక్ష ఉంది, దాపరికం ఉంది, లేనిది గ్రహాంతరవాసి ఒక్కడే.

దీనికి తిరగేసిన తీరు గబ్బిలాల బాంబుది. దంతవైద్యుడు లైటిల్ ఆడమ్స్ సలహా మీద, గబ్బిలాలకు చిన్న నిప్పుబాంబులు కట్టి జపాన్ ఊళ్ల మీద వదలాలని రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సిద్ధమైంది. 1943లో న్యూమెక్సికోలోని కార్ల్స్‌బాడ్ వద్ద కొన్ని గబ్బిలాలు తప్పించుకుని, కొత్తగా కట్టిన సైనిక స్థావరాన్నే తగలబెట్టాయి. ఇది ఎవరైనా కథగా రాసుకొస్తే నిర్మాత నవ్వి పంపేస్తాడు.

తెర నుంచి దస్త్రంలోకి

1996 నాటి ‘ది రాక్’లో వి.ఎక్స్. పచ్చటి గాజు గోళీల దండల్లో మెరుస్తూ ఉంటుంది. గోళీ పగిలితే చర్మం కరిగిపోతుంది. కథానాయకుడు విరుగుడు మందును గుండెలో పొడుచుకుంటాడు. నిజమైన వి.ఎక్స్. జిడ్డుగా ఉండే నూనె లాంటి ద్రవం. చర్మాన్ని కరిగించదు, కండరాలను, ఊపిరిని పట్టేస్తుంది. విరుగుడైన అట్రోపిన్‌ను సైనికులు తొడకు గుచ్చుకుంటారు.

ఇరాక్ యుద్ధంలో బ్రిటన్ పాత్ర మీద చిల్కాట్ విచారణ సంఘం 2016లో ఇచ్చిన నివేదికలో ఈ గోళీలు మళ్లీ కనిపిస్తాయి. ఇరాక్ దగ్గర రసాయన ఆయుధాలు గాజు పాత్రల్లో ఉన్నాయని 2002లో ఒక వ్యక్తి బ్రిటిష్ గూఢచార సంస్థకు సమాచారం అందించాడు. రసాయన ఆయుధాలకు గాజు వాడరనీ, నాడీ విషాన్ని గాజు గోళీల్లో తప్పుగా చూపించిన సినిమా ఒకటి ఉందనీ ఆ రోజుల్లోనే కొందరు అనుమానం వ్యక్తం చేశారు. ఆ సమాచారాన్ని సంస్థ అధికారికంగా ఉపసంహరించుకున్నది 2003 జులైలో. సైన్యాలు ఇరాక్‌లో దిగింది మార్చిలో.